శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా

నలభై ఎనిమిదో ఏట నాకు కారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా కుటుంబ కోర్టులో విడాకుల కేసులూ, పిల్లల కేసులూ వాదిస్తున్నాను. ఫైళ్ళు చంకన పెట్టుకుని బస్సుల కోసం నిలబడీ నిలబడీ మోకాళ్ళు అరిగిపోయాయి. మా వీధి చివరి డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్ళకి ఆడమనిషే నేర్పుతుందని బోర్డు చూసి, ఒక సోమవారం పొద్దున వెళ్ళి చేరిపోయాను.

ఆ నేర్పే మనిషే క్లచ్చక్క. శిష్యులు పెట్టిన పేరది. బండిలో కూర్చున్న ముప్పావుగంటలో ముప్పై సార్లన్నా "క్లచ్, క్లచ్" అనేది. ముప్పై మూడేళ్ళు ఉంటాయి. పొట్టి మనిషి. ఆవిడ కూర్చునే వైపు కూడా ఒక బ్రేకూ, ఒక క్లచ్చూ ఉండేవి. మేం ఏ గోడ మీదికి బండి పోనిచ్చినా ఆవిడ గొంతు పెరిగేది కాదు. "పర్లేదు మేడం, గోడ ఎక్కడికీ పోదు. మనమే ఆగుదాం" అనేది. ఆ మాటకి నవ్వొచ్చి నేను ఇంకో రెండు తప్పులు చేసేదాన్ని.

పదకొండో రోజనుకుంటాను, ఒక సిగ్నల్ దగ్గర నా బండి ఆగిపోయింది. వెనక హారన్లు మోగుతున్నాయి. పక్కనుంచి "క్లచ్" అన్న మాట రాలేదు. తిరిగి చూస్తే, ఆవిడ కిటికీలోంచి బడికి పోతున్న పిల్లల వరస చూస్తోంది. వరసలో చివరి పిల్ల రోడ్డు దాటేదాకా చూసి, నా వైపు తిరక్కుండానే అడిగింది.

"మేడం, మీరు లాయరంట కదా. తల్లి దగ్గర్నుంచి పిల్లని కోర్టు తీసేసుకుంటుందా?"

"ముందు బండి కదిలించనా, జవాబు చెప్పనా?"

"రెండూ చెయ్యండి. క్లచ్ తొక్కండి."

ఆ రోజు పాఠం అయ్యాక బండి ఒక పార్కు గోడ నీడన ఆపించి తన సంగతి చెప్పింది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. భర్త ఒక ల్యాబులో కట్టుడు పళ్ళు చేస్తాడు. తాగడు, కొట్టడు. "మంచివాడే మేడం. ఇంట్లో ఉన్నా ఉన్నట్టు ఉండదు, అంతే" అంది. గోళ్ళలో తెల్లటి పొడితో ఇంటికొచ్చి, తిని, పడుకునేవాడు. ఈవిడ డ్రైవింగ్ స్కూల్లో చేరాక ఆ ఉన్న నాలుగు మాటలూ పోట్లాటకే పనికొచ్చాయి. తర్వాత పోట్లాట కూడా ఆగిపోయింది. ఆ ఏడాది వేసవి ముందు నలభై ఒక్క రోజులు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. మధ్యలో ఏడేళ్ళ కూతురు గువ్వ. "నాన్నని భోజనానికి రమ్మను", "అమ్మని తాళాలు ఎక్కడ పెట్టిందో అడుగు" అంటూ ఆ పిల్ల చేతనే ఇద్దరూ మాటలు మోయించారు. ఒక రోజు ఆ పిల్ల ఇద్దరి మధ్యా నిలబడి, "మీరిద్దరూ ఒకే గదిలో ఉన్నారు కదా. మీరే చెప్పుకోండి" అందట.

"ఆ పూటే అనుకున్నాను మేడం, ఇంక ఇది వద్దని."

రెండు సంచులు తీసుకుని బయటికొచ్చేసింది. ఒక లాండ్రీ పైన గది దొరికింది. ఆ గదికి ఇంకా నల్లా బిగించలేదు. గువ్వకి పరీక్షలు దగ్గరపడ్డాయి. నానమ్మ దగ్గర ఉంటే చదువుకుంటుంది కదా, పది రోజుల్లో వచ్చి తీసుకెళ్దామని పిల్లని అక్కడే వదిలింది. ఆ పది రోజులు నాలుగు నెలలయ్యాయి. నల్లా రాలేదని ఒక నెల, పని కొత్త వేళలకి మారిందని ఒక నెల, అడుగుదామని వెళ్ళి గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చిన రోజులు కొన్ని. తీరా అడిగేసరికి భర్త, "ఇప్పుడు కదిపితే బడి పాడవుతుంది. కోర్టు ఎలా చెప్తే అలా చేద్దాం" అన్నాడు.

కేసు తీసుకున్నాను. ఆ తర్వాత రెండు నెలలు ఆ బండిలో ఎవరు ఎవరికి నేర్పారో చెప్పడం కష్టం. నేను గేర్లు మార్చడం నేర్చుకున్నాను, ఆవిడ చట్టం నేర్చుకుంది.

"విడాకులు వేరు, పిల్ల సంగతి వేరు" అని మొదలుపెట్టాను. "మీ ఇద్దరూ విడిపోదామని ఒప్పుకున్నారు కాబట్టి అది తేలికే. గడువు పెడతారు, ఆ గడువు దాకా మనసు మారకపోతే ఇచ్చేస్తారు. మొగుడూ పెళ్ళాం కాకుండా పోతారు. అమ్మా నాన్నా కాకుండా ఏ జడ్జీ చెయ్యలేడు."

"కస్టడీ అంటారే, అది?"

"పిల్ల ఎవరింట్లో పడుకుంటుంది, పొద్దున ఎవరు లేపి బడికి పంపుతారు, అది కస్టడీ. గార్డియన్ అంటే సంతకం. ఏ బడిలో చేర్చాలి, ఆపరేషన్ చేయించాలా వద్దా, ఊరు మారాలా, వీటిలో మాట చెల్లడం. పిల్లని ఒకరి దగ్గర ఉంచి, సంతకం ఇద్దరికీ ఉంచొచ్చు."

"నేను తల్లిని కదా మేడం. అది చాలదా?"

"చాలదు. తండ్రి అయినా చాలదు. అక్కడ మీ ఇద్దరి హక్కులూ తర్వాత. పిల్లకి ఏది మంచిదన్నదే ముందు."

"దానికి చల్లగాలి తగిలితే చెవి నొప్పి వస్తుంది. రాత్రి లేచి ఏడవదు, మూలుగుతుంది, అంతే. పక్కన పడుకున్నవాళ్ళకి తప్ప తెలీదు. జడ్జిగారికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?"

"తెలీదు. మనం చెప్పాలి."

చెప్పాల్సిన ఇంకో మాట కూడా ఉంది. దాన్ని రెండు వారాలు వాయిదా వేశాను. ఒక రోజు రివర్సు తియ్యడం నేర్పుతున్నప్పుడు, అద్దంలోకే చూస్తూ, ఆవిడ మొహం చూడకుండా అనేశాను. "ఆ నాలుగు నెలలే మనకి అడ్డు. పిల్ల ఒకచోట కుదురుకుంది. అదే మంచం, అదే బడి, అదే నానమ్మ. కుదురుకున్న పిల్లని కదపాలంటే కోర్టు చాలా ఆలోచిస్తుంది."

"పది రోజులే అనుకున్నాను మేడం" అంది. "నిజంగా పది రోజులే."

ఆ మాట ఆవిడ నోటి నుంచి ఆ ఏడాదిలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కౌన్సెలరు ముందు అంది, మా ఆఫీసు మెట్ల మీద అంది, టీ తాగుతూ అంది. ఎవరూ తప్పు పట్టకపోయినా అనేది.

కేసు తేలేదాకా శనివారాలు మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకూ పిల్లని కోర్టులోనే కలుసుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది. కోర్టు వెనక భాగంలో పిల్లల గది ఒకటి ఉంది. ఆకుపచ్చ గోడలు, ఒక పక్క విరిగిన ప్లాస్టిక్ జారుడు బల్ల, చేతులు ఊడిపోయిన బొమ్మలు. గుమ్మం దగ్గర ఒక ఉద్యోగిని రిజిస్టరు పెట్టుకుని, వచ్చిన టైమూ వెళ్ళిన టైమూ రాయించి సంతకం చేయించేది. మొదటి శనివారం గువ్వ నానమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. పరిగెత్తుకు వస్తుందని తల్లి మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచి ఉంది. పిల్ల పరిగెత్తలేదు. మెల్లగా వచ్చి, గదంతా చూసి, "అమ్మా, నీకు ఇప్పుడు ఇక్కడా ఉద్యోగం?" అని అడిగింది.

ఆ రోజు తల్లి తెచ్చిన సంచిలో రంగు పెన్సిళ్ళు, పుస్తకాలు, చెవిలో పెట్టుకునే దూది, దువ్వెన, రిబ్బన్లు ఉన్నాయి. మిగతావన్నీ పక్కన పెట్టి దువ్వెన తీసింది. అప్పటికే శుభ్రంగా దువ్వి ఉన్న జడ విప్పి మళ్ళీ అల్లింది. విప్పింది, మళ్ళీ అల్లింది. మూడు గంటల్లో గంట దానికే పోయింది. అత్తగారు బల్ల మీద కూర్చుని అంతా చూసింది. మరుసటి శనివారం పిల్లని జుట్టు విరబోసి తీసుకొచ్చి, దువ్వెన కోడలి చేతికిచ్చి, "జడ నువ్వేసుకుంటావుగా అని అలాగే తెచ్చానమ్మా" అంది. వరండాలో ఫైలు పట్టుకుని నిలబడ్డ నేను కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. ఇన్నేళ్ళ కేసుల్లో కోడలికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన అత్తల్ని చూశాను గానీ, అలా దువ్వెన చేతికిచ్చిన అత్తని చూడలేదు.

గడువు సగం అయ్యాక జడ్జిగారు పిల్లతో తన గదిలో విడిగా మాట్లాడారు. అలాంటప్పుడు లాయర్లని కూడా లోపలికి రానివ్వరు. ఇరవై నిమిషాలు పట్టింది. బయట బెంచీకి ఈ చివర క్లచ్చక్క, ఆ చివర భర్త. మధ్యలో ఇద్దరు కూర్చునే ఖాళీ. పిల్ల బయటికొచ్చి ఆ ఖాళీలో కూర్చుంది. ఏం అడిగారని ఎవరూ అడగలేదు. అడగకూడదని నేను ముందే చెప్పి ఉంచాను.

పిల్లతో విడిగా మాట్లాడి కోర్టు కౌన్సెలరు రాసిన నివేదిక పది రోజులకి నా చేతికొచ్చింది. బండి పార్కు గోడ పక్కన ఆపి, నేనే చదివి వినిపించాను. పాప తల్లినీ తండ్రినీ ఇద్దరినీ కోరుకుంటోంది. నానమ్మ కళ్ళలో రోజుకి మూడుసార్లు మందు చుక్కలు తానే వేస్తానని, మిగతావాళ్ళు వేస్తే బుగ్గ మీద పడతాయని చెప్పింది. అమ్మ ఉండే గది ఎలా ఉంటుందని అడిగితే, తాను చూడలేదని, కానీ అక్కడ తనకో దిండు ఉందని అమ్మ చెప్పిందని అంది.

"చుక్కల ముక్క ఇంకోసారి చదవండి" అంది.

చదివాను.

చాలాసేపు సీటు కుట్టు మీద వేలు పెట్టి గీస్తూ కూర్చుంది. తర్వాత మొదటిసారి నన్ను మేడం అనకుండా పిలిచింది. "అక్కా, మనం గెలిస్తే ఏమవుతుంది?"

"గువ్వ నీ దగ్గరికొస్తుంది. వారానికోసారి వాళ్ళ నాన్న చూస్తాడు."

"ఓడిపోతే?"

"అదే, అటుదిటు."

"మరి చుక్కలు?"

నేను చదివిన పుస్తకాల్లో ఆ ప్రశ్న లేదు. అయినా లాయరు బుద్ధి ఊరుకోదు కదా. "చూడమ్మా, సగానికి సగం గెలిచే కేసు. చెవి నొప్పి ఉంది, నువ్వు నిలకడగా పనిచేస్తున్నావు, నల్లా కూడా వచ్చింది. ఇప్పుడు వదిలేస్తానంటే నేను ఒప్పుకోను" అని గట్టిగానే అన్నాను.

"సగం వచ్చినవాళ్ళకి లైసెన్సు ఇవ్వరక్కా" అంది. "వదలను. దాన్ని మాత్రం కదపను. మిగతాది ఎంత వస్తుందో అంతా రాయించు."

రాయించాను. కోర్టు క్యాంటీన్లో నలుగురం కూర్చున్నాం, నేనూ, అవతలి లాయరూ, వాళ్ళిద్దరూ. నోటి మాటల మీద పోయిన కాపురాలు బోలెడు చూశాను కాబట్టి ప్రతి చిన్న విషయమూ కాగితం మీద పెట్టించాను. బడి రోజుల్లో తండ్రి దగ్గర. శుక్రవారం సాయంత్రం బడి వదిలినప్పటి నుంచి ఆదివారం సాయంత్రం ఆరు గంటల దాకా తల్లి దగ్గర. పెద్ద సెలవుల్లో సగం. రోజూ రాత్రి ఏడింటికి తల్లి ఫోను. బడి రిజిస్టరులో ఇద్దరి పేర్లూ. బడి మార్చినా, ఊరు మార్చినా, ఆపరేషన్ అయినా ఇద్దరి సంతకాలూ. ఎవరూ రెండో వాళ్ళ గురించి పిల్ల ముందు చెడుగా మాట్లాడకూడదు.

ఆ చివరి ముక్క భర్త రెండుసార్లు చదివాడు. "మేం అసలు మాట్లాడుకోవడమే లేదు కదండీ. చెడుగా ఎలా మాట్లాడతాం?" అన్నాడు.

క్లచ్చక్క ఫక్కున నవ్వింది. ఆయన కూడా నవ్వబోయి కాగితం వైపు చూశాడు. పెళ్ళయిన కొత్తలో ఇలాగే ఉండేదేమో అనిపించింది నాకు. అప్పటికి సంతకాలు అయిపోయాయి.

జడ్జిగారు ఇద్దరినీ చెరో రెండు ప్రశ్నలు అడిగి, విడాకులూ, పిల్ల ఒప్పందమూ ఒకే రోజు ఖాయం చేశారు. పద్నాలుగు నిమిషాలు పట్టింది. బయట వాన. మెట్ల మీద నిలబడి ఆయన, "బస్సు ఉందా?" అని అడిగాడు. "బండి ఉంది" అంది ఈవిడ. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆఖరి మాటలు అవే.

ఒప్పందం మంచిదని నేను అనుకున్నాను. ఇప్పటికీ అంటాను. కానీ ఆ కాగితంలో సోమవారాలు ఎలా ఉంటాయో లేదు. అవి నేను తర్వాత చూశాను.

లాండ్రీ పైన గదిలో, గిన్నెల గట్టు మీద రెండు బ్రష్షులు ఉండేవి. సోమవారం పొద్దున ఒకటే తడిగా ఉండేది. మంచం కింద ఒక మేజోడు దొరికేది, దువ్వెనలో రెండు పొడుగు వెంట్రుకలు. దిండు గలీబు గురువారం దాకా ఉతికేది కాదు. గురువారం ఉతికి, శుక్రవారానికి ఆరబెట్టేది. బండి నేర్చుకునేవాళ్ళకి గువ్వ వాళ్ళ బడి రోడ్డు చాలా అనువైనది, వెడల్పుగా, రద్దీ లేకుండా ఉంటుంది. బడి వదిలే వేళకి మాత్రం అటు పోయేది కాదు.

"వెళ్తే తప్పేం లేదు. రోడ్డు అందరిదీ" అన్నాను ఒకసారి.

"తెలుసక్కా. కనబడితే ఎక్కించుకోవాలనిపిస్తుంది."

రాత్రి ఏడయ్యేసరికి శిష్యులు ఎవరున్నా బండి పక్కకి తీయించేది. వాళ్ళకీ అలవాటైపోయి, దిగి అటు తిరిగి నిలబడేవారు. ఫోన్లో గువ్వ పెద్దగా మాట్లాడే రకం కాదు. ఇవాళ ఏం చేశావంటే ఏం లేదనేది. ఏం తిన్నావంటే తిన్నాననేది. నాలుగు నిమిషాల్లో మూడు నిమిషాలు పిల్ల ఊపిరి, వెనకాల గిన్నెల చప్పుడు, నానమ్మ దగ్గు. ఆ చప్పుళ్ళే వినేదాన్నని నాతో చెప్పింది. గిన్నెలు ఎక్కువ మోగితే ఇంటికి ఎవరో వచ్చారని, దగ్గు ఎక్కువైతే తలుపులు తెరిచి ఉన్నాయని పోల్చుకునేది.

గువ్వ ముందు పన్ను ఒక మంగళవారం ఊడింది. శుక్రవారం బడి సంచిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా వచ్చింది, ల్యాబులో పళ్ళు పంపించే డబ్బా. లోపల దూదిలో పన్ను. మూత మీద చీటీ. ఆయన ల్యాబు చేతిరాతలో, పొందిగ్గా, "మంగళవారం, పొద్దున ఎనిమిదీ పది, బ్రెడ్డు కొరుకుతుండగా" అని. ఆ డబ్బా నాకు చూపించింది. ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్న రోజుల్లో కూడా ఆ చీటీ అడ్డొచ్చేదట.

శనివారాల్లో పోట్లాట ఉండేది కాదు. అది కూడా ఒక బాధే. "రెండు రోజులూ చుట్టానికి చేసినట్టు చేస్తున్నాను. అడిగినదల్లా వండుతాను, చెప్పినచోటికల్లా తిప్పుతాను. అది కూడా చుట్టంలాగే ఉంటుంది, కంచం తీసి కడిగి పెడుతుంది. తిట్టాలంటే టైమే ఉండదక్కా."

ఇలా ఏడాదిన్నర గడిచింది. మూడో ప్రయత్నంలో నాకు లైసెన్సు వచ్చింది. పాఠాలు అయిపోయినా మా ఇద్దరికీ కలవడం అలవాటైంది. ఒక సోమవారం పొద్దున ఏడింటికే మా గుమ్మంలో నిలబడి ఉంది. రాత్రంతా పడుకోలేదని మొహమే చెప్తోంది.

"అక్కా, నిన్న నేనొక తప్పు చేశాను."

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. చెప్పింది. ఆదివారం సాయంత్రం గువ్వని దింపడానికి డ్రైవింగ్ స్కూలు బండిలోనే బయల్దేరింది. పిల్ల వెనక సీట్లో నిద్రపోయింది. పెట్రోలు బంకు దగ్గర మలుపు తిరిగితే వాళ్ళ వీధి. మలుపు వచ్చింది. తిరగలేదు.

"ఎక్కడికి వెళ్దామనుకున్నావు?"

"ఎక్కడికీ కాదు. తిప్పాల్సిన చోట చెయ్యి తిరగలేదు. అంతే."

ఊరు దాటి పెద్ద రోడ్డెక్కింది. నలభై కిలోమీటర్ల దాకా వెళ్ళిపోయింది. ఆలోచన ఏమీ లేదట, బండి బాగా పోతోంది, వెనక పిల్ల ఊపిరి వినిపిస్తోంది. ఆ రెండే. అప్పుడు గువ్వ లేచింది.

"అమ్మా, ఇది నాన్న వాళ్ళింటి దారి కాదు."

"కాదు."

"దారి తప్పామా?"

"లేదు."

పిల్ల కాసేపు కిటికీలోంచి చూసింది. తర్వాత ముందు సీటు మీదికి వంగి, గొంతు తగ్గించి, "నీకు ఇంకొంచెం దూరం పోవాలనుంటే పోదాంలే అమ్మా. నాన్నకి ట్రాఫిక్ అని చెప్తా. నానమ్మకి కూడా అదే చెప్తా" అంది.

ఇక్కడికొచ్చాక క్లచ్చక్క మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేసింది. "మళ్ళీ అదే పని చేయించానక్కా దాని చేత. ఆ గదిలోంచి ఈ గదిలోకి మాటలు మోసింది చాలక, ఇప్పుడు అబద్ధాలు కూడా మోస్తానంటోంది, నా కోసం."

బండి పక్కకి తీసి, దిగి, మొహం కడుక్కుని, వెనక్కి తిప్పింది. ఆరింటికి దింపాల్సిన పిల్లని ఏడూ ఇరవై అయిదుకి దింపింది. నానమ్మ గేటు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన వీధిలో ఉన్నాడు. బండి దగ్గరికొచ్చి, "పంక్చరా?" అని అడిగాడు.

"నువ్వేమన్నావు?" నా లోపలి లాయరు అప్పటికే లేచి కూర్చుంది.

"కాదన్నాను. తిరక్కుండా తిన్నగా వెళ్ళిపోయాను, మళ్ళీ వచ్చేశాను అన్నాను."

ఉత్తర్వు దాటి పిల్లని తీసుకెళ్ళినట్టు ఆయన ఒక్క అర్జీ పెడితే చాలు, శుక్రవారాలు పోయి మళ్ళీ ఆ ఆకుపచ్చ గది వస్తుంది. పంక్చరనే అవకాశం ఆయనే ఇచ్చాడు కదా అని నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి మింగేశాను.

"ఆయనేమన్నాడు?"

"చాలాసేపు గోళ్ళలో పొడి తీసుకుంటూ నిలబడ్డాడు. 'ఒక ఫోన్ చేస్తే బాగుండేది. అమ్మ రెండుసార్లు వీధి చివరిదాకా వెళ్ళొచ్చింది' అన్నాడు. తర్వాత, 'ఏమన్నా తిన్నారా ఇద్దరూ?' అన్నాడు."

ఆ వారమంతా అవతలి లాయరు నుంచి నోటీసు వస్తుందని కాచుకుని కూర్చున్నాను. రాలేదు. శుక్రవారం ఆవిడ బడికి వెళ్తే, గేటు దగ్గర ఆయన కూడా ఉన్నాడట. పిల్లని పంపడేమోనని ఆవిడ అక్కడే ఆగిపోయింది. ఆయన దగ్గరికొచ్చి, ఎక్కడో చూస్తూ, "బుధవారాలు నాకు ల్యాబులో ఆలస్యమవుతుంది. ఆ పూట దాన్ని నీ దగ్గర ఉంచుకుని, గురువారం పొద్దున బడికి పంపితే ఎలా ఉంటుంది? కాగితంలో లేదనుకో" అన్నాడట.

ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. చట్టంలో నా శిష్యురాలు మాత్రం, "అయితే రాసుకుందాం" అంది.

రాసుకున్నాం. కస్టడీ ఉత్తర్వు ఒకసారి ఇచ్చాక ఇంతేనని చాలామంది అనుకుంటారు. పిల్ల పెరుగుతుంది, పెద్దవాళ్ళ పరిస్థితులు మారతాయి. దానికి తగ్గట్టు ఎప్పుడైనా మళ్ళీ అడగొచ్చు. ఇద్దరూ కలిసి అడిగితే మరీ తేలిక. జడ్జిగారు ఆ బుధవారాన్ని చేర్చి, "ఇలాంటి అర్జీలు రెండేళ్ళకొకటి వస్తే బాగుండు" అన్నారు.

గువ్వకి పన్నెండేళ్ళు వచ్చిన వేసవి ముందు నానమ్మకి కంటి ఆపరేషన్ అయింది. పెద్ద ఆస్పత్రి ఉన్న వేరే ఊళ్ళో. కొడుకు తోడు వెళ్ళాడు. అయిదు వారాలు అక్కడే ఉండాల్సి వచ్చింది. బడి జరుగుతోంది కాబట్టి గువ్వ ఆ అయిదు వారాలూ తల్లి దగ్గరే. విడిపోయాక బడి రోజుల్లో వరసగా సోమవారం, మంగళవారం, గురువారం కూడా పిల్ల ఇంట్లో ఉండటం అదే మొదలు. తల్లి పొద్దున ఆరున్నరకి లేచి భోజనం డబ్బా కట్టేది. పుస్తకాలకి అట్టలు వేసింది. బడి నుంచి ఏదో నోటీసు వస్తే, "నేను సంతకం పెట్టాలంట" అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

పదహారో రోజు సాయంత్రం నేను నా కారులో వాళ్ళింటికి వెళ్ళాను. మెట్లు ఎక్కుతుండగానే అరుపులు వినపడ్డాయి. గువ్వ స్నానం చేసి తడి తువ్వాలు మంచం మీద పడేసిందట. తీసి ఆరెయ్యమని తల్లి మూడుసార్లు చెప్పిందట.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"వేస్తానన్నానుగా. ఊరికే అదే మాట. ఈ గదిలో ఏముంది అసలు, విసుగొస్తోంది నాకు."

తలుపు ధడాలున పడింది. క్లచ్చక్క బయటికొచ్చి నన్ను చూసి, మెట్టు మీద నా పక్కన కూలబడింది. కళ్ళనిండా నీళ్ళు. ఓదార్చడానికి నేను భుజం మీద చెయ్యి వెయ్యబోయాను.

"విన్నావా అక్కా" అంది. "విసుగొచ్చిందంట నాతో."

నవ్వుతోందని అప్పుడు చూశాను.

"రెండు రోజులకి ఎవరికీ విసుగు రాదు. విసుగు రావాలంటే ఇన్ని రోజులు ఉండాలి మరి" అంది. లోపల్నుంచి గువ్వ, "అమ్మా, పొడి తువ్వాలు ఎక్కడుంది?" అని అరిచింది. వెంటనే లేస్తుందనుకున్నాను. లేవలేదు. "నీకు కళ్ళు లేవా, వెతుక్కో" అని గట్టిగా కేకేసి, అలాగే మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కింద లాండ్రీలో ఇస్త్రీ చేస్తున్నవాళ్ళని చూస్తూ కూర్చుంది. నేను వచ్చిన పని ఏమిటో మర్చిపోయి నేనూ కూర్చున్నాను.

అయిదు వారాలు అయిపోయాయి. నానమ్మ నల్లకళ్ళజోడు పెట్టుకుని తిరిగొచ్చింది. ఆదివారం సాయంత్రం తల్లి అయిదూ యాభైకే గువ్వని దింపేసింది. పిల్ల గేటు తీసుకుని లోపలికి పరిగెత్తింది, నానమ్మ కన్ను చూడాలని.

ఆ వచ్చే గురువారం మధ్యాహ్నం కోర్టు నుంచి వస్తుంటే పార్కు గోడ పక్కన స్కూలు బండి ఆగి ఉంది. లోపల క్లచ్చక్క ఒక్కతే కూర్చుని ఉంది, ఒళ్ళో గువ్వ భోజనం డబ్బా. గువ్వ డబ్బా మర్చిపోయి వెళ్ళిందా అని అడిగాను. కాదంది. నిన్న బుధవారం కాబట్టి రాత్రి గువ్వ తన దగ్గరే పడుకుంది గానీ, ఇవాళ బడిలో ఆటల రోజని నానమ్మే పిల్లకి భోజనం పంపుతానందట. ఆ సంగతి తెలిసీ, ఆరున్నరకి లేచి, చేతులు వాటంతటవే డబ్బా కట్టేశాయట.

"పారెయ్యడం ఎందుకని" అంది.

తలుపు తీసి పక్కన కూర్చున్నాను. మూత తీసి నా వైపు జరిపింది. ఇద్దరం తిన్నాం. రెండు గంటలకి రావాల్సిన శిష్యురాలు వచ్చి కిటికీ తట్టేదాకా అక్కడే కూర్చున్నాం.